మొదటి వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో ఏ బరువు చెప్పాలి?

కర్నూలు, అనంతపురం, కడప జిమ్‌ల నుంచి మొదటిసారి జిల్లా పోటీకి వెళ్లేవాళ్లను దెబ్బతీసేది చాలాసార్లు బరువు చెప్పడంలో తొందరే. స్నాచ్‌లో (బార్‌ను ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) మూడు, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి ఎత్తడం) మూడు అవకాశాలుంటాయి. స్నాచ్ మూడూ పోతే టోటల్ (రెండింటిలో బెస్ట్ బరువులు కలిపిన మొత్తం) రాదు. బార్ మీద బరువు పెరగడమే గానీ తగ్గదు కాబట్టి, మొదటే ఎక్కువ చెప్తే వెనక్కి రాలేరు.

ముందు మీ లెక్క సరైనదేనా అని చూసుకోండి. మగవాళ్ల పోటీ బార్ 20 కిలోలు, ఆడవాళ్లది 15. మామూలు జిమ్ బార్లు అంత ఉంటాయన్న నమ్మకం లేదు. శెనక్కాయలు తూచే కాటా మీద బార్‌ను, ప్లేట్లను విడివిడిగా తూయించండి. రెండు కిలోల తేడా ఉన్నా కింది లెక్కంతా తప్పుతుంది.

ఒళ్లు సహకరించని రోజు కూడా లేపగలిగేదే మొదటి బరువు. మీ బెస్ట్‌లో 90–92 శాతం అనుకోండి. స్నాచ్ బెస్ట్ 70 అయితే 64, 68, 71. వార్మప్‌లో ఖాళీ బార్ తర్వాత 35, 45 రెండేసి సార్లు, 52, 57, 61 ఒక్కోసారి. మీకంటే ముందు ఎన్ని లిఫ్టులున్నాయో లెక్కపెట్టి, రెండు మూడు లిఫ్టులకు ఒక వార్మప్ చొప్పున సర్దుకోండి. 61 అయ్యాక మూడు నాలుగు నిమిషాల్లో మీ పేరు పిలవాలి. ఆలస్యమైతే ఒళ్లు చల్లబడుతుంది, మళ్లీ ఒకసారి 57 లేపండి.

సాహసం మూడో ప్రయత్నానికే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి స్నాచ్ 110, జర్క్ 130, మొత్తం 240 చేతిలో పెట్టుకున్నాకే 137.5కి వెళ్లారు. అది పోయినా కాంస్యం మిగిలింది. అక్కడ స్వర్ణం 242.5కి దక్కింది. టోక్యో ఒలింపిక్స్‌లో మీరాబాయి చాను స్నాచ్‌లో 84, 87 లేపి 89 పోగొట్టారు, జర్క్‌లో 110, 115 లేపి 117 పోగొట్టారు. అయినా 202తో రజతం వచ్చింది. ఇద్దరికీ పతకం తెచ్చింది చివరి ప్రయత్నానికి ముందు లేపిన బరువులే.

మొదటిది పోతే కిలో కూడా పెంచొద్దు. స్నాచ్‌లో బార్ ముందుకు పడిందంటే సాధారణంగా కాళ్ల తోపు పూర్తి కాకముందే చేతులతో లాగారని అర్థం. పైన మోచేయి వంగి మళ్లీ తోస్తే రెఫరీలు ఎర్ర దీపం వేస్తారు, ముగ్గురిలో ఇద్దరు తెల్లది ఇస్తేనే లిఫ్ట్ చెల్లుతుంది. రెండు తప్పులకూ అదే బరువు మళ్లీ అడగడమే మందు. వెంటనే మీ వంతే అయితే గడియారం ఒక నిమిషానికి బదులు రెండు నిమిషాలు ఇస్తుంది. కూర్చుని ఊపిరి తీసుకోండి.

మీ ఒంటి బరువు తూచేది పోటీకి రెండు గంటల ముందు. విభాగంలో పట్టడానికి మన ఎండల్లో నీళ్లు మానేయడం ప్రమాదం, కాళ్లు పట్టేస్తాయి. కావాలంటే పై విభాగంలో ఆడండి. తూచాక ఉగ్గాని కొంచెం, అరటిపండు, ఉప్పు వేసిన మజ్జిగ చాలు, బజ్జీలు వద్దు. స్టేజీ ఎక్కేముందు అరచేతులు పొడి టవల్‌తో తుడుచుకుని ఆ తర్వాతే చాక్ (పట్టు జారకుండా రాసుకునే తెల్ల పొడి) రాసుకోండి. చెమట మీద రాస్తే ముద్దకట్టి బార్ జారుతుంది.