డిస్ట్రోలు మార్చి మార్చి అలసిపోయినవాళ్ళకి: మీకు నప్పే లైనెక్స్ దొరకాలంటే ఏం చేయాలి

విండోస్ 10 కి 2025 అక్టోబర్ 14 తో సపోర్ట్ అయిపోయింది కదా, అప్పటి నుంచి మా అంగడికి పాత ల్యాప్‌టాప్‌లు పట్టుకొచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు, అందరిదీ ఒకటే ప్రశ్న, అన్నా లైనెక్స్ వేద్దామనుకుంటున్నా ఏది మంచిది అని. మాది తిరుపతిలో బాలాజీ కాలనీ దగ్గర చిన్న నెట్ సెంటర్, జిరాక్స్, ప్రింట్లు, యూనివర్సిటీ పిల్లల అప్లికేషన్లు, ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళకి తిరుమల దర్శనం టికెట్ల బుకింగ్, ఇవే పనులు. లైనెక్స్ అంటే విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, దాంట్లో ఒక్కో రకాన్ని డిస్ట్రో అంటారు. నేను ఉబుంటు, మింట్, ఫెడోరా, మధ్యలో రెండు రోలింగ్ డిస్ట్రోలు (వెర్షన్లు లేకుండా ఎప్పటికప్పుడు మారుతూ ఉండేవి) అన్నీ తిరిగి చివరికి డెబియన్ దగ్గర ఆగా. రెండేళ్ళ పైనే పట్టింది. సరైన పద్ధతిలో చూసుకుంటే రెండు నెలల్లో తేలిపోయే పని అది, అందుకే ఇది రాస్తున్నా.

ముందు డౌన్‌లోడ్ జోలికి పోకండి. ఒక కాగితం తీసుకుని మీరు రోజూ కంప్యూటర్ మీద చేసే పనులు నాలుగంటే నాలుగు రాయండి. నావి ఇవి: బ్రౌజర్‌లో బుకింగ్‌లు పేమెంట్లు, లిబ్రేఆఫీస్‌లో తెలుగు అర్జీలు టైప్ చేయడం, ప్రింటర్ స్కానర్, అప్లికేషన్ల కోసం ఫోటోలు 50 కేబీ లోపలికి తగ్గించడం. డిస్ట్రో ఏదైనా ఈ నాలుగూ చేస్తుందా లేదా, అంతే చూడాల్సింది. యూట్యూబ్‌లో డెస్క్‌టాప్ అందంగా తిప్పి చూపించే వీడియోలు చూసి ఎంచుకుంటే వారం తిరిగేసరికి ఇంకోటి అందంగా కనిపిస్తుంది, మళ్ళీ ఫార్మాట్. ఇక్కడే ఒక మాట, మీ పని పెళ్ళి పత్రికలు, పేజ్‌మేకర్, అను ఫాంట్లు అయితే ఆ ఒక్క సిస్టమ్‌లో విండోస్ అలాగే ఉంచుకోండి. అను ఫాంట్లలో టైప్ చేసింది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు, లైనెక్స్‌లో తెరిస్తే అక్షరాలన్నీ చెల్లాచెదురుగా కనిపిస్తాయి.

రెండోది, డిస్ట్రో వేరు డెస్క్‌టాప్ వేరు. డెస్క్‌టాప్ అంటే స్క్రీన్ మీద మనకి కనిపించే మెనూ, టాస్క్‌బార్, విండోలు, అంతే. నాకు ఇది అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఉబుంటులో నచ్చనిదేంటి అని కూర్చుని ఆలోచిస్తే అది ఉబుంటు కాదు, గ్నోమ్ డెస్క్‌టాప్. నాకు కింద టాస్క్‌బార్, ఎడమపక్క మెనూ ఉండాలి, చెయ్యి అలవాటు అది. ఎక్స్‌ఎఫ్‌సీఈ, సినమన్, కేడీఈ, గ్నోమ్ ఈ నాలుగూ దాదాపు ఏ పెద్ద డిస్ట్రోలో అయినా దొరుకుతాయి, కాబట్టి ముందు డెస్క్‌టాప్ తేల్చుకోండి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషిన్ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ. విండోస్ నుంచి నేరుగా వస్తున్న పెద్దవాళ్ళకైతే మింట్‌లో వచ్చే సినమన్ ఇస్తా, పెద్దగా చెప్పాల్సిన పని ఉండదు. అన్నీ తనకి నచ్చినట్టు మార్చుకోవాలనే పిల్లలకి కేడీఈ. ఇంకోటి, ల్యాప్‌టాప్‌లో ఇంకా పాత హార్డ్ డిస్కే తిరుగుతుంటే డిస్ట్రో మార్చేముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, డిస్ట్రోలు పది మార్చినా రాని స్పీడ్ దాంతో వస్తుంది.

తర్వాత పెన్‌డ్రైవ్. 32 జీబీది ఒకటి చాలు, దాంట్లో వెంటాయ్ అనే టూల్ వేసుకోండి. వేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, ముందే కాపీ తీసుకోండి. వెంటాయ్ వేశాక మనం డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైళ్ళని (డిస్ట్రో మొత్తం ఒకే ఫైల్‌గా వచ్చేది ఇదే) మామూలు ఫైళ్ళలాగే అందులోకి కాపీ చేస్తే చాలు, బూట్ చేసినప్పుడు లిస్ట్ వస్తుంది, ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు, ప్రతిసారీ రాసుకోవాల్సిన పని లేదు. విండోస్ ఇంకా ఉన్న మెషిన్ అయితే రెండు జాగ్రత్తలు. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీ రాసి పెట్టుకోండి, బయాస్‌లో ఉండే సెక్యూర్ బూట్ సెట్టింగ్ కదిలిస్తే అది కీ అడగొచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే లైనెక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు.

ఇప్పుడు అసలు పని. ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌లోనే, అంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిపిస్తూ, గంటసేపు కూర్చోండి. వైఫై తగులుకుందా, మూత మూసి తెరిస్తే మళ్ళీ లేస్తుందా, బ్రైట్‌నెస్ బటన్లు, సౌండు, టచ్‌ప్యాడ్, ఇవి పది నిమిషాల పని. మిగతా టైమంతా మీ కాగితం మీద పనులకి. నేను తెలుగుకి ఒక పరీక్ష పెట్టుకున్నా. లిబ్రేఆఫీస్ తెరిచి లక్ష్మి, శ్రీకాళహస్తి, స్త్రీ, జ్ఞాపకం అని నాలుగు మాటలు టైప్ చేసి, 200 శాతం పెద్దది చేసి చూస్తా, తర్వాత ప్రింట్ తీస్తా. లక్ష్మిలో క్ష కింద మవత్తు సరిగ్గా కూర్చుందా లేదా అని కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తా. ఒకసారి స్క్రీన్ మీద బాగానే ఉండి కాగితం మీద మవత్తు పక్కకి జరిగి విడిగా పడింది, ఆ అర్జీ తీసుకున్న పెద్దాయన ఇది మా అమ్మ పేరు నాయనా, సరిగ్గా కొట్టు అన్నాడు. ఆ రోజు నుంచి ఈ పరీక్ష లేకుండా ఏ డిస్ట్రోనీ ఒప్పుకోను. ఫాంట్ మార్చాక సరిపోయింది, అది వేరే విషయం. డెబియన్, ఉబుంటు, మింట్‌లో ఫాంట్స్-టెలు అనే ప్యాకేజీ వేసుకుంటే తెలుగు ఫాంట్లు వస్తాయి, ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా వేస్తే పోతన, వేమన కూడా వస్తాయి. టైపింగ్‌కి ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసి అందులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ గానీ ఆర్‌టీఎస్ కీబోర్డ్ గానీ ఎంచుకోండి, ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉన్నవాళ్ళకి ఆర్‌టీఎస్ తేలిక.

ఇక డిస్ట్రోల మధ్య అసలు తేడా ఎక్కడంటే, సాఫ్ట్‌వేర్ ఎంత కొత్తది ఇస్తారు, ఎన్నాళ్ళు సపోర్ట్ ఇస్తారు, అక్కడ. ఫెడోరా ఆరు నెలలకొకటి వస్తుంది, ఒక్కోదానికి సుమారు 13 నెలలు సపోర్ట్, అంటే ఏడాదికొకసారైనా మీరు అప్‌గ్రేడ్ చేయాల్సిందే. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) రెండేళ్ళకొకటి ఏప్రిల్‌లో వస్తుంది, ఐదేళ్ళు నడుస్తుంది, మింట్ దాని మీదే కట్టింది, పైగా టైమ్‌షిఫ్ట్ అని ఒకటి ఇస్తుంది, సిస్టమ్ చెడితే నిన్నటి స్థితికి వెనక్కి తీసుకెళ్ళొచ్చు. ఆర్చ్ లాంటివి రోలింగ్, వెర్షన్లు ఉండవు, అన్నీ ఎప్పటికప్పుడు కొత్తవే వస్తుంటాయి, కాకపోతే అప్‌డేట్ కొట్టేముందు వాళ్ళ సైట్‌లో న్యూస్ చదువుకోవాలి. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడికి ఆర్చ్ బాగా కుదిరింది, చదువుకునే ఓపిక ఉంది, టైమూ ఉంది.

నాకు కుదరలేదు. దర్శనం 300 రూపాయల టికెట్లు రిలీజయ్యే పొద్దున అది. ముందు రోజు రాత్రి ఒక రోలింగ్ డిస్ట్రోలో అప్‌డేట్ కొట్టి పడుకున్నా, పొద్దున ఆన్ చేస్తే వైఫై ఐకాన్ లేదు. కొత్త కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెలాంటి భాగం) వచ్చింది, మా వైఫై కార్డుకి విడిగా వేసిన డ్రైవర్ ఆ కొత్త కెర్నెల్‌కి తయారవలేదు. మేనల్లుడు పక్కనే ఉండి ఏం మామా, అప్‌డేట్ సరే, వైఫై ఏదీ అంటాడు, ఎదురుగా పీలేరు నుంచి వచ్చిన కుటుంబం ఆధార్ కార్డులు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. చివరికి ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది, మీరు కూడా ఇది గుర్తుపెట్టుకోండి, వైఫై చచ్చినప్పుడు మామూలుగా ఏ డ్రైవరూ అడగకుండా పనిచేసేది అదే. టికెట్లు దొరికాయి గానీ నాకు చెమటలు పట్టాయి. అంగడిలో మెషిన్ పొద్దున లేస్తే నిన్న ఉన్నట్టే ఉండాలి అని ఆరోజు నా కాగితం మీద ఐదో లైన్ రాసుకున్నా, నాకు డెబియన్ దొరికింది ఆ ఐదో లైన్ వల్లే.

లైవ్‌లో నెగ్గిన వాటిలో రెండే రెండు ఉంచుకుని, ఒక్కోటి ఇన్‌స్టాల్ చేసి మూడు వారాలు వాడండి, మధ్యలో ఇంకోటి ముట్టుకోవద్దు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హోమ్‌కి (మన ఫైళ్ళుండే ఫోల్డర్) డిస్క్‌లో విడిగా పార్టిషన్ పెడితే డిస్ట్రో మార్చినా ఫైళ్ళు ఉంటాయి, కానీ కొత్త డిస్ట్రోలో యూజర్ పేరు వేరేది పెట్టుకోండి, లేకపోతే పాత డెస్క్‌టాప్ సెట్టింగులు కొత్తదాంతో కలిసి గందరగోళం అవుతాయి. బ్యాకప్ మాత్రం బయట డిస్క్‌లో విడిగా ఉండాల్సిందే. రోజూ ఏది ఇబ్బంది పెట్టిందో ఒక లైన్ రాయండి. మూడో వారంలో కూడా అదే ఇబ్బంది మళ్ళీ మళ్ళీ రాస్తున్నారంటే అది మీకు కుదరదు.

డెబియన్ వేసుకునేవాళ్ళకి రెండు మాటలు. ఇన్‌స్టాలర్‌లో రూట్ పాస్‌వర్డ్ అడిగినచోట ఖాళీగా వదిలేయండి, అప్పుడే మీ యూజర్‌కి సుడో (ఇన్‌స్టాల్ లాంటి అడ్మిన్ పనులు చేసే అధికారం) వస్తుంది, చాలామంది అక్కడ పాస్‌వర్డ్ పెట్టి తర్వాత సుడో పనిచేయట్లేదని తిరిగొస్తారు. డెస్క్‌టాప్ అడిగినచోట స్పేస్ బార్‌తో గ్నోమ్ టిక్ తీసేసి ఎక్స్‌ఎఫ్‌సీఈకి పెట్టండి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వైఫై ఫర్మ్‌వేర్ (కార్డు పనిచేయడానికి కావాల్సిన ఫైళ్ళు) ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది, ముందులాగా విడిగా వెతుక్కోవడం చాలావరకు తప్పింది. 32 బిట్ మెషిన్లకి మాత్రం డెబియన్ 13 లో ఇన్‌స్టాలర్ లేదు.

డెబియన్ 13 వచ్చింది 2025 ఆగస్టులో, నేను వెంటనే పోలేదు. రెండు నెలలు ఆగి ఒక ఆదివారం అంగడి షటర్ సగం దించి, బ్యాకప్ తీసుకుని, సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి రావాలో రాసి ఉండే సోర్సెస్ ఫైల్‌లో బుక్‌వార్మ్ (డెబియన్ 12 పేరు) అన్నచోట ట్రిక్సీ (13 పేరు) అని మార్చి అప్‌గ్రేడ్ చేశా. అయ్యాక వైఫై చూశా, స్కానర్ చూశా, తర్వాత ఆ నాలుగు మాటలు ప్రింట్ తీసి డ్రాయర్‌లో ఉన్న పాత కాగితం పక్కన పెట్టా. మవత్తు దాని చోటే ఉంది.