ఇంట్లో భార్య చేతిలో దెబ్బలు తింటున్న మగవాళ్లకి, బెంగళూరు నుంచి

మా టీమ్‌లో ఒకతను ఏప్రిల్ ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకొచ్చేవాడు. ఒకరోజు టీ కప్పు అందుకుంటుంటే చొక్కా పైకి జరిగి, మణికట్టు నుంచి మోచేతి దాకా గోళ్ల గీతలు కనిపించాయి, కొన్ని మానినవి, రెండు పచ్చివి. "పిల్లి రక్కింది అన్నా" అన్నాడు. వాళ్లింట్లో పిల్లి లేదు. ఆ తర్వాత అతనితో తిరిగి నేను తెలుసుకున్నవే ఇవి.

ముందు ఒక్కరికి చెప్పండి. అమ్మానాన్నలకే చెప్పాలని లేదు, వాళ్లు రాత్రికి రాత్రే బస్సెక్కి వచ్చి పంచాయితీ పెడతారు. అక్కకో బావకో చెప్పండి. "ఆడదాని చేతిలో తన్నులు తిన్నావా" అని నవ్వే రకానికి మాత్రం వద్దు.

ఆమె చెయ్యెత్తినప్పుడు మీరు చెయ్యెత్తకండి. ఒక్క తోపుడు చాలు, రేపు కథ మొత్తం తిరగబడుతుంది. బయటికి వచ్చేయండి. అందుకే పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు, ఒక జత బట్టలు ముందే ఆఫీసులోనో ఫ్రెండ్ రూములోనో పెట్టుకోవాలి.

దెబ్బ తగిలితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, బాత్రూంలో జారిపడ్డానని కాకుండా ఎవరు కొట్టారో ఉన్నదున్నట్టు చెప్పి మెడికో లీగల్ కేసుగా (పోలీసులకి కూడా తెలియజేసే ఆసుపత్రి రికార్డుగా) రాయించండి, ఎందుకంటే ఆ రోజు చెప్పిన అబద్ధమే తర్వాత కాగితం మీద మీకు ఎదురు నిలబడుతుంది. ఫోటోలు తీసి మీ మెయిల్‌కే పంపుకోండి, తేదీ ఉంటుంది. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన మాటలు కూడా విడాకుల కేసులో సాక్ష్యంగా పనికొస్తాయని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది.

2005 గృహహింస చట్టం కింద మగవాడు ఫిర్యాదు చేయలేడు, అది ఆడవాళ్ల కోసమే. కానీ కొట్టడం ఎవరు చేసినా నేరమే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 115. మామూలు గాయమైతే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయరు, అయినా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. కన్నడ వచ్చినవాణ్ణి వెంట తీసుకెళ్లండి, సగం టెన్షన్ తగ్గుతుంది. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13 ప్రకారం క్రూరత్వం కింద భర్త కూడా విడాకులు అడగొచ్చు.

"నేను వెళితే ఆమె 498ఎ పెడుతుంది" అన్నదే అందరి భయం. భార్యని వేధించాడని భర్త మీద పెట్టే కేసు అది, ఇప్పుడు న్యాయ సంహితలో సెక్షన్ 85. కేసు పెట్టగానే అరెస్టు చేసేయకూడదని 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసుల నుంచి నోటీసు వస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి. ముందస్తు బెయిలు గురించి లాయరుతో ముందే మాట్లాడి ఉంచుకోండి.

నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కి చేయండి, అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఇరవైనాలుగ్గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. హోసూర్ రోడ్డులో నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉండనే ఉంది. మావాడు మొదటిసారి ఆఫీసు బేస్‌మెంట్ పార్కింగులో బండి మీద కూర్చుని చేశాడు. ఐదు నిమిషాలు నోరు పెగల్లేదట. అవతలివాళ్లు ఫోన్ పెట్టేయలేదు.