బేస్ గిటార్‌కు యాంప్ ఎంచుకోవడం ఎలా? ఇంటి సాధన నుంచి వేదిక దాకా

బేస్ గిటార్ చేతికి రాగానే దుకాణంలో అందరూ అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని వాట్లది తీసుకోవాలి?’ అన్నదే. నిజానికి అది మూడోదో నాలుగోదో కావలసిన ప్రశ్న. దానికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: మీరు వాయించేది శ్రోతల చెవి దాకా ఏది చేరుస్తుంది, మీ యాంపా (గిటార్ నుంచి వచ్చే సంకేతాన్ని పెంచి స్పీకర్‌లో వినిపించే పరికరం), లేక అక్కడి సౌండ్ సిస్టమా? ఈ ఒక్క విషయం స్పష్టమైతే వాట్లు, స్పీకర్ సైజు, ధర అన్నీ వాటంతట అవే ఒక దారిలోకి వస్తాయి.

మొదటి అడుగు: ఎక్కడెక్కడ వాయిస్తారో రాసుకోండి

రాబోయే ఏడాదిలో మీరు వాయించబోయే చోట్లను ఒక కాగితం మీద వరుసగా రాయండి. రాత్రిపూట గదిలో ఒంటరి సాధన, డ్రమ్మర్‌తో రిహార్సల్, మైకులు గొంతులకు మాత్రమే పెట్టే చిన్న హాలు, అన్ని వాద్యాలూ మిక్సర్‌లోకి వెళ్లే పెద్ద వేదిక: దాదాపు అందరి అవసరాలూ ఈ నాలుగింటిలోనే ఉంటాయి. మన వైపు చర్చి ఆరాధనల్లోనూ, పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ, వినాయక చవితి పందిళ్లలోనూ సౌండ్ సర్వీస్ వాళ్లు చాలావరకు బేస్‌ను నేరుగా మిక్సర్‌లోకి తీసుకుంటారు. అలాంటి వేదిక మీద యాంప్ పని జనానికి వినిపించడం కాదు, మీకూ మీ పక్కనున్న డ్రమ్మర్‌కూ వినిపించడం. ఈ తేడా గమనించక, అవసరానికి రెండింతల బరువూ రెండింతల ధరా మోసేవాళ్లను చాలామందిని చూశాను.

రెండో అడుగు: గిటార్ యాంప్‌తో సరిపెట్టుకునే ఆలోచన మానుకోండి

ఇంట్లో తమ్ముడి గిటార్ యాంప్ ఉంది కదా, దానికే తగిలిద్దాం అనిపించడం సహజం. మామూలు గిటార్‌లో అన్నిటికంటే మందమైన తీగ సుమారు 82 హెర్ట్జ్ (అంటే సెకనుకు 82 కంపనాలు) దగ్గర మోగుతుంది, నాలుగు తీగల బేస్‌లో అది అందులో సగం, అంటే 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఐదు తీగల బేస్‌లో కింది ‘బి’ తీగ 31 దాకా దిగుతుంది. స్వరం ఎంత కిందికి దిగితే, అదే గట్టిదనం కోసం స్పీకర్ కోన్ (ముందుండే గరాటు లాంటి పొర) అంత ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. గిటార్ స్పీకర్ అంత కదలికకు తయారైనది కాదు. చిన్నగా వాయిస్తే ఏమీ కాకపోవచ్చు గానీ, వాల్యూమ్ పెంచితే ముందు బరబరమనే శబ్దం వస్తుంది, ఆ తర్వాత కోన్ పాడవుతుంది.

చరిత్రలో ఇది తలకిందులుగా జరిగిన ముచ్చట ఒకటుంది. 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చిన ఫెండర్ సంస్థ, దానికి జతగా ఆ మరుసటి ఏడాది బేస్‌మన్ అనే యాంప్ తెచ్చింది. కొన్నేళ్లకు దాన్ని గిటారిస్టులు తమదిగా చేసుకున్నారు, ఆ సర్క్యూట్‌నే ఆధారం చేసుకుని ఇంగ్లండ్‌లో మార్షల్ తొలి యాంప్ పుట్టింది. బేస్ యాంప్‌కు గిటార్ తగిలిస్తే ముప్పు లేదు, గిటార్ యాంప్‌కు బేస్ తగిలిస్తేనే ఉంది.

మూడో అడుగు: సాధనకు చిన్నది చాలు, కానీ దానిలో రెండు సదుపాయాలు ఉండాలి

గదిలో సాధనకు 15 నుంచి 40 వాట్లు, 8 లేదా 10 అంగుళాల స్పీకర్ సరిపోతుంది. తప్పక చూసుకోవలసినవి హెడ్‌ఫోన్ సాకెట్, ఫోన్‌లోని పాటను కలుపుకునే ఆక్స్ ఇన్‌పుట్. అపార్ట్‌మెంట్‌లో రాత్రి పది దాటాక కింది స్వరాలు గోడ దాటి పక్కింటికి పోతాయి కాబట్టి, సాధనలో సగం హెడ్‌ఫోన్‌లోనే సాగుతుంది. ఆ హెడ్‌ఫోన్ వైరుదే కావాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో ధ్వని కొంచెం ఆలస్యంగా వస్తుంది, తీగ మీటిన క్షణానికీ వినబడిన క్షణానికీ ఎడం ఏర్పడి తాళం చెడిపోతుంది.

చిన్న యాంప్ కొన్నవారికి మొదటి రోజే ఒక నిరాశ ఎదురవుతుంది: కింది స్వరాల నిండుదనం ఏదీ అని. 8 అంగుళాల స్పీకర్ 41 హెర్ట్జ్‌ను గట్టిగా పలికించలేదు. అది వినిపించేది ఎక్కువగా ఆ స్వరంతో పాటే మోగే పై స్వరాలనే (హార్మోనిక్స్), వాటిని బట్టి మన చెవే అసలు స్వరాన్ని ఊహించుకుంటుంది. సాధనకు ఇది లోపమేమీ కాదు. పైగా యాంప్‌ను గది మూలకు జరిపితే రెండు గోడలూ నేలా కలిసి కింది స్వరాలను పెంచుతాయి. అయితే ఒక స్వరం ఉబ్బి మరొకటి మునిగిపోయేలా వినబడితే, దాన్ని గోడకు ఒక అడుగు దూరం జరిపి చూడండి.

నాలుగో అడుగు: ఇప్పుడు వాట్ల లెక్క

వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు. 100 వాట్ల నుంచి 200కు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ (శబ్దం గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) మాత్రమే, చెవికి అది ‘కొంచెం ఎక్కువ’గానే తోస్తుంది. వినడానికి రెండింతలు అనిపించాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. అందుకే 40 వాట్ల యాంప్‌కూ 60 వాట్ల యాంప్‌కూ మధ్య ఊగిసలాడేవారు ఆ తేడాను పట్టించుకోనక్కర్లేదు.

దుకాణంలో ఎవరూ ముందుగా చెప్పని అంకె మరొకటుంది, అది స్పీకర్ సెన్సిటివిటీ. ఒక వాట్ ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది ఈ అంకె చెబుతుంది. ఒక క్యాబినెట్ (స్పీకర్లు బిగించిన పెట్టె) 94, మరొకటి 100 అనుకోండి. ఆ ఆరు డెసిబెల్స్ తేడా నాలుగు రెట్ల వాట్లకు సమానం. అంటే రెండో క్యాబినెట్‌తో 100 వాట్లు చేసే పనికి మొదటి దానితో 400 వాట్లు కావాలి. కాబట్టి వాట్ల అంకెను ఒంటరిగా చదవకండి.

మామూలుగా కర్రలతో వాయించే డ్రమ్మర్ పక్కన నిలబడాలంటే 100 వాట్లు కనీసం, 200 నుంచి 300 ఉంటే హాయి. బేస్‌కు మైకు సాయం లేని హాలులో 300 నుంచి 500 దాకా అవసరపడతాయి. ఇంత ఎందుకంటే, కింది స్వరాలను వినడంలో మన చెవి మందం, పైగా తీగను గట్టిగా మీటిన క్షణంలో యాంప్‌కు కొంత మిగులు శక్తి ఉండాలి, లేకపోతే ఆ దెబ్బ నలిగినట్టు వినబడుతుంది. 1969లో ఆంపెగ్ సంస్థ 300 వాట్ల వాల్వ్ యాంప్ (గాజు వాల్వులతో పనిచేసే పాతకాలపు రకం) ఎస్‌విటిని పది అంగుళాల స్పీకర్లు ఎనిమిదేసి ఉండే క్యాబినెట్లతో వేదికకెక్కించిందంటే, పెద్ద మైదానాలకు బేస్‌ను చేరవేసే భారం అప్పట్లో చాలావరకు యాంప్ మీదే ఉండేది కాబట్టే. అలాంటి క్యాబినెట్ ఒక్కటే 60 కిలోలు దాటుతుంది. ఇప్పటి క్లాస్ డి అనే తేలికైన రకం యాంపులు, నియోడిమియం అనే లోహంతో చేసిన తేలికపాటి అయస్కాంతం ఉన్న స్పీకర్లు వచ్చాక ఆ బరువు మోయనక్కర్లేదు.

ఐదో అడుగు: ఓమ్‌లు సరిచూడండి

కాంబో అంటే యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉండేది. హెడ్ (స్పీకర్ లేని యాంప్ మాత్రమే), క్యాబినెట్ విడివిడిగా కొంటే ఓమ్‌ల లెక్క తప్పదు. స్పీకర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకే ఓమ్‌లు. రెండు 8 ఓమ్‌ల క్యాబినెట్లను సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు అవుతాయి, రెండు 4 ఓమ్‌లవి కలిపితే 2 అవుతాయి. యాంప్ వెనుక ‘కనీసం 4 ఓమ్‌లు’ అని ఉంటే అంతకంటే తక్కువకు దించకూడదు, దించితే వేడెక్కి ఆగిపోతుంది లేదా కాలిపోతుంది. ప్రకటనలో కనిపించే వాట్లు కూడా తరచుగా ఈ కనీస ఓమ్‌ల దగ్గరివే. ఉదాహరణకు ఫెండర్ రంబుల్ 500 కాంబో లోపలి స్పీకర్లతో ఇచ్చేది 350 వాట్లు. బయట మరో 8 ఓమ్‌ల క్యాబినెట్ తగిలిస్తేనే 500 వస్తాయి.

హెడ్ నుంచి క్యాబినెట్‌కు స్పీకర్ కేబులే వాడాలి. చూడటానికి గిటార్ కేబుల్ కూడా అలాగే ఉంటుంది గానీ, దాని లోపలి తీగ సన్నం. వాల్వ్ యాంప్ అయితే స్పీకర్ తగిలించకుండా ఆన్ చేసి వాయించనే కూడదు.

ఆరో అడుగు: డి.ఐ. అవుట్ లేనిదాన్ని వేదిక కోసం కొనకండి

డి.ఐ. అవుట్ అంటే బేస్ ధ్వనిని నేరుగా మిక్సర్‌కు పంపే సాకెట్. నా దృష్టిలో వేదిక యాంప్‌కు వాట్ల కంటే ఇదే ముఖ్యం. యాంప్ వెనుక మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ ఉంటే అక్కడి నుంచి నేరుగా మిక్సర్‌కు కేబుల్ వెళ్తుంది. చిన్న మోడళ్లలో ఇది చాలాసార్లు ఉండదు: రంబుల్ 25లో లేదు, రంబుల్ 40లో ఉంది. ఆ సాకెట్ పక్కన ప్రీ, పోస్ట్ అనే మీట ఉంటే ఇంకా మంచిది. ప్రీలో పెడితే మీరు యాంప్ మీద బేస్, ట్రెబుల్ నాబ్‌లు ఎంత తిప్పినా మిక్సర్‌కు వెళ్లే ధ్వని మారదు. దానివల్ల సౌండ్ వాళ్లు మీ మీద విసుక్కోరు, మీకు వేదిక మీద కావలసిన ధ్వని మీకు ఉంటుంది.

గ్రౌండ్ లిఫ్ట్ బటన్ (డి.ఐ. కేబుల్ ద్వారా మిక్సర్‌తో కలిసే ఎర్త్‌ను విడదీసేది) విలువ నాకు ఒక పెళ్లి వేదిక మీద తెలిసింది. జనరేటర్ మీద నడుస్తున్న పందిరిలో, నా యాంప్ మిక్సర్‌కు కలిపిన మరుక్షణం పందిరంతా ‘గుంయ్’మని హమ్ మొదలైంది. ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను విరగ్గొట్టేస్తే పోతుందని ఒకాయన పట్టకారుతో సిద్ధమయ్యారు. ఆ పిన్ను తీసేస్తే, లోపం వచ్చిన రోజు కరెంటు గిటార్ తీగల మీదుగా మన చేతుల్లోకే వస్తుంది. ఆయన్ను ఆపి, యాంప్ వెనుక చేయి పెట్టి తడుముతూ గ్రౌండ్ లిఫ్ట్ నొక్కగానే హమ్ ఆగిపోయింది. ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పటికీ ముట్టుకోకూడదు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చేదైతే

అక్కడి యాంపులు 120 వోల్టులకు తయారవుతాయి, మన గోడ సాకెట్‌లో 230. కొన్నిటికి వెనుక వోల్టేజి మార్చే మీట ఉంటుంది, కొన్ని క్లాస్ డి యాంపులు 100 నుంచి 240 దాకా దేన్నయినా తీసుకుంటాయి, మరికొన్ని ఏదీ ఒప్పుకోవు. కొనకముందే వెనుక పలక ఫొటో తెప్పించుకుని చదవండి. మీట మార్చినప్పుడు ఫ్యూజ్ కూడా ఆ పలక మీద రాసిన విలువకు మార్చాలి.

దుకాణంలో పరీక్షించే పద్ధతి

మీ గిటారే తీసుకెళ్లండి. యాంప్ మీద బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ మధ్యలో ఉంచి, వాల్యూమ్ సగానికి తెచ్చి, నాలుగో తీగను ఖాళీగా మీటి పూర్తిగా ఆరిపోయేదాకా వినండి. తర్వాత అదే తీగ మీద ఒక్కొక్క ఫ్రెట్ పైకి నెమ్మదిగా వెళ్లండి. ఏదో ఒక స్వరం దగ్గర ముందు జాలీయో, హ్యాండిలో గిలగిలలాడితే అప్పుడే బయటపడుతుంది. తర్వాత ఇంకెవరినైనా వాయించమని నాలుగైదు మీటర్లు వెనక్కు వెళ్లి వినండి, ఎందుకంటే మోకాళ్ల దగ్గరున్న స్పీకర్ ధ్వని నిలబడిన మనిషికీ దూరంగా ఉన్న మనిషికీ ఒకేలా అందదు. వేదిక మీద కూడా యాంప్‌ను కాస్త వెనక్కు వాల్చినా, కుర్చీ ఎత్తున పెట్టినా తక్కువ వాల్యూమ్‌కే మీకు స్పష్టంగా వినబడుతుంది.

పాతది కొంటుంటే ప్రతి నాబ్‌ను అటూ ఇటూ తిప్పండి. చరచరమంటే లోపల దుమ్ము చేరిందని అర్థం, శుభ్రం చేస్తే పోతుంది. పరీక్ష పూర్తయ్యాక ఆఫ్ చేసి, జాలీ తీయగలిగితే కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకుపోతున్నట్టు తగిలితే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగ చుట్ట) దెబ్బతింది, అది కొనవద్దు.

ఒక్కటే కొనగలిగితే 100 వాట్లు, 12 అంగుళాల స్పీకర్, హెడ్‌ఫోన్ సాకెట్, డి.ఐ. అవుట్ ఉన్న కాంబో తీసుకోండి. సౌండ్ సిస్టమ్ ఉన్న ఏ వేదికకైనా అది సరిపోతుంది, ఇంట్లో సాధనకూ పనికొస్తుంది. ఈ తరగతిలో 10 కిలోల లోపే దొరికేవి ఉన్నాయి. బిల్లు కట్టే ముందు మాత్రం, ఒక భుజాన గిటార్ సంచి తగిలించుకుని, రెండో చేత్తో ఆ పెట్టెను ఎత్తి దుకాణం గుమ్మం దాకా నడిచి రండి.