చిన్న జట్లతో చదవడం నేర్పుదాం – 3వ పాఠం: గుణింతం దగ్గర ఆగిన పిల్లలు

గత పాఠంలో ఒక్కొక్కరినీ విడిగా చదివించి, ఎవరు అక్షరం దగ్గరున్నారో, ఎవరు పదం, పేరా, కథ దాకా వచ్చారో రాసుకున్నాం. 2005లో మొదలైన అసర్ సర్వే (పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే సర్వే) పిల్లల చదువును చూసేది ఈ మెట్లతోనే. ఇప్పుడు తరగతి సంగతి పక్కనపెట్టి, ఆ మెట్లను బట్టి జట్లు కట్టండి. నాలుగో తరగతి పిల్లాడు రెండో తరగతి వాళ్ల పక్కన కూర్చున్నా ఫర్వాలేదు. ఏ జట్టుకూ 'డల్' అనే పేరు మాత్రం పడనివ్వకండి, ఆ మాట పిల్లల్ని ఏళ్ల తరబడి వదలదు.

జట్టుకు ఐదారుగురు చాలు. మీరు ఒక జట్టుతో ఇరవై నిమిషాలు కూర్చున్నంతసేపూ కథ చదవగలిగినవాళ్లు జంటలుగా చదువుకుంటారు, అక్షరాల జట్టు కార్డులతో ఆడుకుంటుంది.

ఈ వారం గుణింతం దగ్గర ఆగినవాళ్లను పట్టుకుందాం. వీళ్లు క, కా, కి, కీ అని రాగం తీస్తూ గుణింతమంతా గడగడా అప్పజెబుతారు. 'కు' ఒక్కటే రాసి చూపిస్తే మళ్లీ 'క' నుంచి మొదలుపెట్టి అక్కడికి వస్తారు. నోటికి వచ్చింది, కంటికి ఇంకా పట్టుబడలేదు. కాబట్టి వరుసగా చెప్పించడం కొన్నాళ్లు ఆపండి. రోజుకు రెండు గుర్తులే తీసుకోండి.

నేలమీద సుద్దముక్కతో 'పలక' అని పెద్దగా రాయండి. చదివాక 'ప' తలకట్టు చెరిపి గుడి పెట్టండి. ఏమైంది? పిలక! గుడి తీసేసి మళ్లీ తలకట్టు పెట్టి, ల, క రెండింటికీ కొమ్ములివ్వండి. పలుకు. తరవాత సుద్దముక్క వాళ్ల చేతికే ఇవ్వండి. గుర్తు మారితే మాట మారిపోవడం పిల్లలు తమ చేత్తో చేసి చూడాలి, ఈ పాఠానికి ప్రాణం అదే.

'ఆవు'ను 'ఆమ' అని చదివితే కోప్పడకండి, నిజంగానే ఆ రెండూ దగ్గరగా కనిపిస్తాయి. వు, మ పక్కపక్కన రాసి తేడా ఎక్కడుందో వాళ్లనే వెతకమనండి.

అందరిచేతా ఒకేసారి చదివించొద్దు. ఒకరు చదువుతారు, మిగతావాళ్లు గొంతు కలుపుతారు, అందరికీ వచ్చేసిందని మనం అనుకుంటాం. ఒక్కొక్కరికీ వేరే మాట ఇవ్వండి: పాలు, పూలు, గూడు, గోడ, మేక. తడబడితే వెంటనే అందించకండి, పక్కవాళ్లనూ అందించనివ్వకండి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగండి. అప్పటికీ రాకపోతే ఆ గుర్తు మీద వేలు పెట్టి చూపించండి. చాలామంది అక్కడే అందుకుంటారు.

జట్టు లేచేముందు ఎవరు ఏ గుర్తు దగ్గర తడబడ్డారో నోట్‌బుక్‌లో రాసుకోండి. రేపటి మాటలు అందులోంచే రావాలి. కొత్త మాటల్ని తడుముకోకుండా చదివేవాళ్లను వారం ఆఖరు దాకా ఆపకుండా పై జట్టుకు పంపేయండి.

వచ్చే పాఠం వత్తులు. ఈలోగా హాజరుపట్టీలో మల్లేశ్, లక్ష్మి లాంటి వత్తులున్న పేర్లన్నీ విడిగా రాసి ఉంచుకోండి, వాటితోనే మొదలుపెడదాం.