ఉద్దానం పేపర్‌లో రిఫరెన్సులు ఎలా సరిచేశానంటే

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద శ్రీకాకుళంలో మేం రాసిన పేపర్‌ని, రిఫరెన్సులు వాంకోవర్ పద్ధతిలో సరిచేయమని జర్నల్ వాళ్లు తిప్పి పంపారు. ఆ పద్ధతిలో అక్షర క్రమం ఉండదు. పాఠంలో ఏది ముందు వస్తే దానికి 1. మా సార్ మొదట్లో ఒక పేరా కలిపేసరికి కింది అంకెలన్నీ జరిగిపోయాయి. చేత్తో దిద్దుతూ కూర్చుంటే టెన్షన్ తప్ప పని తెమలదు.

అందుకే రిఫరెన్సులు దాచి, పేపర్‌లో అమర్చిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. ఉచితం. పబ్‌మెడ్ (వైద్య పేపర్ల ఆన్‌లైన్ జాబితా) నంబరో డీఓఐయో (ప్రతి పేపర్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య) ఇస్తే వివరాలు అదే తెచ్చుకుంటుంది. వర్డ్‌లో పేరాలు ఎటు జరిపినా అంకెలు సర్దుకుంటాయి. ఆరుగురు రచయితలు దాటితే ‘ఎట్ ఆల్’ (మరికొందరు) పెట్టడం, జర్నల్ పేరు కుదించడం జొటెరోలో ఎంచుకున్న వాంకోవర్ స్టైల్ చూసుకుంటుంది.

ఓపిక కావాల్సింది పేర్ల దగ్గర. మనకు ఇంటిపేరు ముందుంటుంది. అదే మనిషి ఒక పేపర్‌లో ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో ‘రావు’గా కనిపిస్తాడు. మనకు తెలిసినవాళ్లే అయినా, పబ్‌మెడ్‌లో ఆ పేపర్‌కి ఎలా ఉందో అలాగే ఉంచడం మంచిది. వెతికేవాళ్లకు దొరకాలి కదా.

కవిటి, సోంపేట వైపు పరిస్థితి రాయాలంటే ప్రభుత్వ నివేదికలు తప్పవు. వాటిని జొటెరోలో ఎక్కించేటప్పుడు రచయిత దగ్గర శాఖ పేరు మొత్తం ఒకే గడిలో ఉండాలి. ఇంటిపేరుకీ పేరుకీ ఉండే రెండు గడుల్లో పడితే జొటెరో చివరి మాటను ఇంటిపేరు చేసి, మిగతాదాన్ని పొడి అక్షరాలుగా మార్చేస్తుంది.

జర్నల్‌కి పంపే కాపీలో, వర్డ్ ఫైలుకీ జొటెరోకీ మధ్య ఉండే లింకులు తీసేయండి. లింకులున్న ఫైలు మాత్రం విడిగా దాచుకోండి, రివిజన్‌కి అదే కావాలి.