మూడు నాణేలతో డీసీ-నెట్: మాట అందుతుంది, అన్నదెవరో తెలియదు

ముగ్గురు గుప్తలిపి నిపుణులు హోటల్లో భోంచేశారు. బిల్లు ముందే ఎవరో కట్టేశారు. కట్టింది తమలో ఒకరా, లేక అమెరికా గూఢచార సంస్థ ఎన్ఎస్ఏనా? అది తేలాలి, కానీ తమలో ఒకరైతే ఎవరన్నది బయటపడకూడదు. గుప్తలిపి శాస్త్రవేత్త డేవిడ్ చామ్ 1988లో ప్రచురించిన లెక్క ఇది. 'డైనింగ్ క్రిప్టోగ్రాఫర్స్' (భోంచేస్తున్న గుప్తలిపి నిపుణులు) అన్న దాని పేరు నుంచే ఈ పద్ధతికి డీసీ-నెట్ అన్న పేరు. ఒకసారి చేత్తో చేసి చూస్తే గుట్టు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారిపోతుందో బాగా అర్థమవుతుంది.

వాణి, రఫీ, జోసెఫ్ గుండ్రంగా కూర్చోవాలి. పక్కపక్కనున్న ప్రతి ఇద్దరూ మూడోవారికి కనబడకుండా ఒక నాణెం ఎగరేయాలి. అంటే మూడు నాణేలు, ఒక్కొక్కరికి రెండు కనిపిస్తాయి. కనిపించిన రెండూ ఒకే వైపు పడితే 'ఒకటే' అని, లేకపోతే 'వేరు' అని చీటీ మీద రాయాలి. బిల్లు కట్టినవారు మాత్రం తిరగేసి రాయాలి. చీటీలన్నీ ఒకేసారి తెరిచి 'వేరు'లు లెక్కపెట్టండి. సరిసంఖ్య వస్తే ఎవరూ కట్టలేదు. బేసి వస్తే ముగ్గురిలో ఒకరు కట్టారు.

వాణి-రఫీ నాణెం బొమ్మ, రఫీ-జోసెఫ్‌ది బొరుసు, జోసెఫ్-వాణిది బొమ్మ పడ్డాయనుకోండి. కట్టింది రఫీ. అతను 'వేరు' రాయాల్సింది 'ఒకటే' అని రాస్తాడు. వాణిది 'ఒకటే', జోసెఫ్‌ది 'వేరు'. ఒక్క 'వేరు', బేసి. ఇక వాణి వైపు నుంచి చూడండి. తనకు కనబడని నాణెం బొరుసైతే తిరగేసింది రఫీ, బొమ్మైతే జోసెఫ్. రెండింటికీ సమాన అవకాశం. ఎంత పెద్ద కంప్యూటరున్నా ఆమె ఇంతకు మించి తేల్చలేదు.

మాట పంపాలంటే బిట్టుకో (అంటే ఒక్కో 0 లేదా 1కి) ఆట. 1 పంపాలంటే తిరగేయాలి, 0 అయితే ఉన్నదున్నట్టు రాయాలి. కంప్యూటర్లు అక్షరాలను బిట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 'అ' అక్షరం మూడు బైట్లు, బైటుకు ఎనిమిది బిట్లు. అంటే 24 ఆటలు, 72 సార్లు నాణెం ఎగరేయడం!

విసుగొచ్చి పాత నాణేలతోనే రెండో ఆట ఆడారా, గుట్టు రట్టయినట్టే. ఏమీ పంపనివారి చీటీ రెండుసార్లూ ఒకేలా ఉంటుంది, ఒక్కసారి తిరగేసినవారిది మాత్రం మారిపోతుంది. నాణేన్ని ఎగరేయకుండా నచ్చిన వైపు పెట్టడమూ అంతే ప్రమాదం.

చీటీలు వద్దని ఒకరి తర్వాత ఒకరు నోటితో చెబితే, చివరివారు మిగతా జవాబులు విని ఫలితాన్ని తమకు కావలసినట్టు మార్చేయగలరు. ఇద్దరు ఒకేసారి తిరగేస్తే రెండూ రద్దయి 'ఎవరూ లేరు' అని వస్తుంది. పొడవైన సందేశంలోనైతే పంపినవారికి తమది చెడిందని తెలుస్తుంది కాబట్టి, ఇద్దరూ యాదృచ్ఛికంగా కొన్ని ఆటలు ఆగి మళ్లీ పంపాలి.

ఐదుగురు గుండ్రంగా కూర్చున్నప్పుడు ఒకరికి అటూ ఇటూ ఉన్నవాళ్లు కుమ్మక్కైతే మధ్యవారి గుట్టు పోయినట్టే. అందుకే పక్కవారితోనే కాక, ప్రతి ఇద్దరి మధ్యా ఒక నాణెం పెట్టండి. ఐదుగురికి పది. అప్పుడు మిగతా నలుగురూ కలిస్తే తప్ప ఒకరి గుట్టు బయటపడదు. ముగ్గురి ఆటలో మాత్రం ఇద్దరు కలిస్తే మూడోవారికి దిక్కులేదు.

కావాలని ప్రతి ఆటలో అబద్ధం రాసేవాణ్ణి ఈ పద్ధతి పట్టుకోలేదు. మాట పంపినవారిని దాచిన తెరే వాణ్ణీ దాస్తుంది.