షిండెన్ ఆకారంలో బాల్సా గ్లైడర్ తయారుచేయడం

జపాన్ నౌకాదళం కోసం క్యూషు కంపెనీ తయారుచేసిన జె7డబ్ల్యు1 షిండెన్ యుద్ధవిమానం 1945 ఆగస్టు 3న తొలిసారి ఎగిరింది. గాలిలో మొత్తం ముప్పావు గంటైనా గట్టిగా గడవకముందే యుద్ధం ముగిసిపోయింది. పెద్ద రెక్క, ఇంజను, ఆరు బ్లేడ్ల ప్రొపెల్లరు వెనుక, చిన్న రెక్క ముక్కు దగ్గర ఉన్న ఆ అమరిక నిలకడగా ఎగురుతుందో లేదో తేల్చుకోవడానికి, రూపకర్త మసావోకి త్సురునో బృందం ముందుగా చెక్క గ్లైడర్లతో పరీక్షలు జరిపింది. ఇంజను లేకుండానే అసలు సంగతి తేల్చే ఆ పద్ధతి నాకు ఎంతో ఇష్టం.

5 మి.మీ. మందం బాల్సా (చాలా తేలికైన చెక్క) పుల్లను 21 సెం.మీ. పొడవున కోసి దేహంగా పెట్టుకోవాలి. 2 మి.మీ. పలక నుంచి రెండు రెక్కలు తీయాలి: ఒక్కొక్కటి 12 సెం.మీ. పొడవు, దేహం దగ్గర 7, కొన దగ్గర 4 సెం.మీ. వెడల్పు ఉండి, కొన ముందంచు 4 సెం.మీ. వెనక్కి వాలాలి. వాటి ముందంచు దేహాన్ని ముక్కు నుంచి 12 సెం.మీ. దూరంలో తాకేలా, కొనలు 1 సెం.మీ. పైకి లేచేలా ఫెవికాల్‌తో అతికించాలి. ఒక్కో రెక్క మధ్యలో, వెనుక అంచున, ఒక నిలువు ఫలకం నిలబెట్టాలి. అసలు విమానంలో ఇవి రెక్క కిందికి కూడా దిగి ఉంటాయి. ఆ విమానాన్ని ఎగరేసే తొలి ప్రయత్నంలో ముక్కు పైకి లేచి ప్రొపెల్లరు కొనలు నేలకు తగలడంతో, ఆ ఫలకాల అడుగున చిన్న చక్రాలు బిగించారు.

ముందు రెక్క 10 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు చాలు. దాని ముందంచు కింద 1.5 మి.మీ. మందం అట్టముక్క పెట్టి అతికించాలి, ఎందుకంటే వేగం తగ్గినప్పుడు పెద్ద రెక్క కన్నా ముందే అది గాలి మీద పట్టు వదిలితేనే ముక్కు తనంతట తాను దిగి గ్లైడర్ మళ్లీ వేగం అందుకుంటుంది.

ఇక బరువు. మామూలు గ్లైడర్లకు చేసినట్టు పెద్ద రెక్క మధ్యలో తూకం కుదిర్చితే ఇది వెనక్కి తిరగబడుతుంది. ముక్కు నుంచి 11.5 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టి, అక్కడ రెండు వేళ్ల మీద ఆనించినప్పుడు సమంగా నిలిచేవరకు ముక్కుకు బంకమట్టి అద్దుతూ పోవాలి.

గాలి లేని ఉదయం, గడ్డి మీద, భుజం ఎత్తు నుంచి మెల్లగా వదలాలి. తల ఎత్తి దించుతూ పోతే కాస్త మట్టి కలపాలి. నేరుగా కిందికి దూకితే గోరంత మట్టి గిల్లి తీసి మళ్లీ వదలాలి.